పుచ్చుకునే కుంచం

నేను ఇనుప కుంచాన్ని. కురుపాం ఏజెన్సీలో ఒక సావుకారి కొట్లో ఉండేదాన్ని. కుంచమంటే నాలుగు మానికలు. నన్ను మాత్రం ఇంకాస్త పట్టేలా చేయించారు. నా పక్కనే ఇంకో కుంచం ఉండేది. పైకి ఇద్దరం ఒకటే. దాని అడుగురేకును లోపలికి ఎత్తి అతికించారు. వానలు పడగానే జాతాపులు, సవరలు విత్తనాలకూ తిండిగింజలకూ అప్పుకొస్తే దానితో కొలిచి ఇచ్చేవారు. కోతలయ్యాక నాతో, గోపురంలా పోయించి పుచ్చుకునేవారు. కుంచానికి కుంచమున్నర అని మాట. ఆ రెండు కుంచాల తేడా ఏ లెక్కలోకీ రాదు. అప్పు తీరకపోతే మొదట చింతచెట్టు కాపు, తరవాత పల్లపు మడి, ఆపైన కొడుకు కంబారితనం, అంటే సావుకారి దగ్గర పాలేరుతనం.

చట్టం లేక కాదు. ఏజెన్సీలో వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకు పోకూడదని మద్రాసు ప్రభుత్వం 1917లోనే రాసింది. రష్యాలో రొట్టె, శాంతి కావాలని జనం జారు చక్రవర్తిని దింపిన ఏడాదే అది. ఇక్కడ మాత్రం ఆ వడ్డీ చట్టం ఒకటుందని నా ముందు గోనె పరిచేవాళ్లెవరికీ తెలీదు.

తెలియజెప్పింది సత్యం మేష్టారు, అంటే వెంపటాపు సత్యనారాయణ. ఆయనా, ఆదిభట్ల కైలాసమూ ఇద్దరూ బడిపంతుళ్లే. గిరిజన సంఘం వాళ్ల వెంట లేచింది. సంఘం అడిగింది ఇదీ: పోయిన భూములు తిరిగివ్వాలి. అప్పులు కొట్టేయాలి. వెట్టి పోవాలి. కంబారికి కూలి పెంచాలి. చింతపండుకు తగిన ధర కట్టాలి. ఇందులో అందరాని కోరిక ఏముంది? ఒక కోతల కాలంలో ఒక ముసలామె నన్ను పక్కకు నెట్టి, "ఇచ్చిన కుంచం తే బావూ, దాంతోనే కొలు" అంది. ఆమె వెనక సంఘం మనుషులు నిలబడ్డారు. ఆ రోజు నాతో ఒక్క గింజ కూడా కొలవలేదు. నేను చూసిన విప్లవం అదే, దానికి మించింది నేనెరగను.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభ. వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల వర్గం అడ్డగించి కాల్చింది. కోరన్న, మంగన్న చనిపోయారు. రష్యాలో 1905 జనవరిలో పీటర్స్‌బర్గ్ కూలీలు ఎనిమిది గంటల పనిదినం కోరుతూ జారుకు అర్జీ ఇవ్వడానికి నడిచినప్పుడూ సైనికులు కాల్చారు. అడగడానికి నడిచినవాణ్ని కాల్చాక, మిగిలినవాళ్లు మళ్లీ అర్జీ రాస్తారా? లేవిడి కేసులో ముద్దాయిలను కోర్టు వదిలేసింది. సంఘం ఆయుధం పట్టింది, పోలీసులు కొండలెక్కారు. ఎన్ని గూడేలు ఏడ్చాయో.

1970 ఫిబ్రవరిలో 1/70 అనే భూమి చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి మారితే చెల్లదని తేల్చింది. సంఘం అడిగినవాటిలో పెద్దది అలా కాగితం మీదికెక్కింది. అదే ఏడాది జూలై 10న సత్యం, కైలాసం పోలీసు కాల్పుల్లో పోయారు. ఆ చట్టం కింద భూమి తగాదాలు ఈనాటికీ నడుస్తూనే ఉన్నాయి.