నీళ్ళపొయ్యి: టీకా తాత్పర్య సహితం

మూలం

కోడలు: "అత్తా, ఈ నీళ్ళపొయ్యి తీసేసి బాయిలర్ పెట్టిద్దామా?"
అత్త: "ఇప్పుడేం తొందరమ్మే, నీళ్ళు కాగుతాండాయి గదా!"

అవతారిక

అనంతపురం జిల్లా పల్లెల్లో చలికాలం తెల్లవారుజామున వినబడే సంవాదమిది. మూలంలో లేనిదేదీ రాయనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన చేతిలో ఉన్నది కాళిదాసు కాబట్టి చెల్లింది. ఇక్కడున్నది రెండు వాక్యాలు, ఒక పొయ్యి. కనుక ఆ ప్రతిజ్ఞ ఈ వ్యాఖ్యాతకు వర్తించదు.

ప్రతిపదార్థం

అత్తా = ఇంటి ఇంధన శాఖకు అధిపతివైన ఓ అత్తా; ఈ = ఎదుట పొగలు కక్కుచున్న; నీళ్ళపొయ్యి = నీళ్ళు పోసుకునే జాలాడి పక్కన మూడు రాళ్ళ మీద మసిబారిన అండా కూర్చున్నట్టి పొయ్యిని; తీసేసి = తొలగించి (రాళ్ళు పారేయక గోడవారగా పెట్టి అని భావము); బాయిలర్ = నడుమ నిప్పు గొట్టము, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద జల్లెడ, పక్కన కొళాయి గల రాగి లేక స్టీలు పాత్రమును; పెట్టిద్దామా = ఎవరి డబ్బుతోనో చెప్పకుండా పెట్టింతమా? ఇప్పుడేం తొందర = ఇప్పుడు వద్దు, ఇకమీదటా వద్దు; అమ్మే = ఓ కోడలా; నీళ్ళు = స్నానపు నీళ్ళు; కాగుతాండాయి గదా = కాగుచున్నవి కదా! ఎన్ని కట్టెలకు అన్నది అధ్యాహార్యము.

తాత్పర్యం

అత్త నీళ్ళు చూస్తోంది, కోడలు కట్టెలు చూస్తోంది.

విశేషాలు

ఆ అధ్యాహార్యాన్ని లెక్క కట్టకపోతే వ్యాఖ్యాత ఉండీ దండగ. ఇంట్లో ఐదుగురు, తలా 20 లీటర్లు, వెరసి 100 లీటర్లు. వాటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి కరెంటు భాషలో 2.3 యూనిట్లు చాలు. కిలో ఎండు కట్టెలో సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది. అయితే మూడు రాళ్ళ పొయ్యి అందులో పదో వంతును అండాకిచ్చి, తక్కినదంతా ఆకాశానికి అర్పిస్తుంది. అంటే రోజుకు ఆరు కిలోల కట్టె. బాయిలర్‌లో నిప్పు చుట్టూ నీళ్ళే కాబట్టి ముప్పై శాతం దక్కుతుందనుకున్నా రెండు కిలోలు చాలు.

పూర్వపక్షం: కంప ఊరకే వస్తుంది. బోరు ఎండినా, ఏటా పడే 550 మిల్లీమీటర్ల వానలో సగం ఎగ్గొట్టినా, కంపచెట్టు మాత్రం పచ్చగా ఉంటుంది. దానికి లెక్కలెందుకు?

సమాధానం: ఊరకే రావడం కట్టెకు సంబంధించిన మాట. దాన్ని కొట్టి, ముళ్ళు గుచ్చుకుంటూ మోపు కట్టి, తలమీద తెచ్చేది కోడలు.

అత్త పక్షాన దీనికన్నా గట్టి వాదముంది. ఆమె చెప్పలేదు గానీ న్యాయంగా చెప్పాలి. రాళ్ళ పొయ్యి ఏది పెట్టినా తింటుంది. శెనక్కాయ పొట్టు, కందికట్టె, ఎండుమట్ట, అన్నీ దానికి సమ్మతమే. బాయిలర్‌కు సన్నగా కొట్టిన పుల్లలు కావాలి. పొట్టు కూరితే గాలి ఆడక ఆరిపోతుంది. శెనక్కాయ విత్తనాలు ఇంట్లోనే ఒలిచే జిల్లాలో ఇది చిన్న అభ్యంతరం కాదు. కాకపోతే పంట పోయిన ఏడాది పొట్టూ ఉండదు.

మరి గ్యాసో? ఈ నీళ్ళకు రోజుకు 300 గ్రాములు కావాలి, 14.2 కిలోల సిలిండర్ నెలన్నరకు ఖాళీ. 2024లో మొదలైన దీపం-2 పథకం ఏటా ఇచ్చే మూడు ఉచిత సిలిండర్లూ స్నానాలకే సరిపోతే సంగటి దేనిమీద కెలకాలి? గీజర్‌దో ఇంకో కథ: మన బోరు నీళ్ళకు లోపల తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఎండకు కరువు లేదు, ఎన్.పి.కుంటలో సోలార్ పార్కే ఉంది. అయినా సోలార్ హీటర్‌కు మిద్దెమీద ట్యాంకు ఉండాలి, దాని గొట్టాలకూ అదే సున్నం.

మెరుగైన పొయ్యిలు మనకు కొత్త కాదు. పక్కనున్న బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు మూడు గిన్నెల 'ఆస్త్ర ఒలె' తయారుచేశారు. కేంద్రం 1980ల నుంచి 2002 దాకా పొగరాని పొయ్యిలు పంచింది. చాలాచోట్ల పొగగొట్టం మసితో మూసుకుపోయింది, శుభ్రం చేసే దిక్కులేక జనం మళ్ళీ రాళ్ళకే వచ్చారు.

రసం

కోడలి కళ్ళలో నీళ్ళున్నాయి కాబట్టి కరుణరసమని కొందరు. అది పొగ. పొగను బట్టి నిప్పును ఊహించడానికి మన తార్కికులు తరతరాలుగా వంటింటినే దృష్టాంతంగా చెప్పుకొచ్చారు. అక్కడ ఊదుగొట్టం పట్టుకుని దగ్గుతున్న మనిషిని మాత్రం ఒక్కరూ ఊహించలేదు. ఇళ్ళలోని పొయ్యి పొగ వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నిర్ణయం

ఇంట్లో నలుగురికి తక్కువ కాకుండా ఉంటే బాయిలర్ కొనవలసిందే. ఇద్దరే ఉండే ముసలివాళ్ళు ఆరుబయట రాళ్ళతో సరిపెట్టుకోవచ్చు. కొనేవాళ్ళు జల్లెడ ఊడివస్తుందో లేదో అంగట్లోనే చూసుకోండి, బూడిద రోజూ తీయాలి. పాత రాళ్ళు ఉంచుకోండి, పొట్టు కాల్చడానికి పనికొస్తాయి. బాయిలర్‌ను మాత్రం తలుపేసుకునే స్నానాలగదిలో పెట్టకండి. నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.