బొడ్డు దగ్గర కొలత

ప్యాంటు చాలా మొహమాటపు బట్ట. పొట్ట ఎంత పెరిగినా దాని జోలికి పోదు. మెల్లిగా కిందికి తప్పుకుని దారిస్తుంది. అందుకే మనలో చాలామంది పెళ్లినాటి సైజే ఇప్పటికీ పడుతోందని నలుగురిలో చెప్పుకోగలుగుతున్నాం. బెల్టు బొడ్డుకి జానెడు కింద ఉంటే ఆ మాటా నిజమే మరి.

కిల్టు దగ్గర ఈ పప్పులుడకవు. స్కాట్లండు మగవాళ్లు పెళ్లిళ్లకీ పేరంటాలకీ వేసుకునే ఆ గళ్ల ఉన్ని బట్ట తుంటి మీద నిలిచేది కాదు. బొడ్డు దగ్గర బిగించాలి. పై అంచు ఇంకాస్త పైకి, పక్కటెముకల వైపు పోతుంది. కింది అంచు మోకాలిచిప్ప దగ్గర ఆగాలి.

గ్లాస్గోలో మా ఆఫీసు కుర్రాడి పెళ్లికి కిల్టు అద్దెకు తీసుకుందామని వెళ్లాను. ప్యాంటు సైజు 38 అని చెప్పబోతే దుకాణం పెద్దాయన వద్దన్నట్టు చెయ్యూపాడు. మెడలోంచి టేపు తీసి బొడ్డు చుట్టూ తిప్పి, "ఊపిరి వదలండి" అన్నాడు. వదిలాను. "ఇంకా ఉన్నట్టుంది, అదీ వదిలేయండి." వదిలాను. 44. మా ఆవిడ పక్కనే నిలబడి ఆ అంకెని ఫోన్లో రాసిపెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు.

పొట్ట ఉన్నవాడికి అసలు చిక్కు వేరే ఉంది. పూర్తిస్థాయి కిల్టుకి 8 గజాల బట్ట పడుతుంది. వెనకంతా కుట్టేసిన కుచ్చిళ్లు, ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరలు, పక్కల్లో తోలు పట్టీలు. పంచె అయితే బంతిలో గారెలు రెండోసారి వచ్చేటప్పటికి ఎవరూ చూడకుండా కాస్త వదులు చేసుకోవచ్చు. దీనికి ఆ వెసులుబాటు లేదు. అంత ఉన్ని బరువూ నడుము పట్టు మీదే నిలవాలి. గుండ్రటి పొట్టకి నడుమనే చోటే ఉండదు కాబట్టి, ముందు భాగం మెల్లిగా జారి పొట్ట కిందికి చేరుతుంది. వెనక భాగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అంచు ముందు మోకాళ్లు దాటి దిగిపోయి, వెనక ఎత్తుగా మిగులుతుంది. ఈ అవతారం ఊరంతటికీ కనిపిస్తుంది, మనకి తప్ప. మనకి పొట్ట అడ్డం.

జారుతోంది కదా అని పట్టీ ఇంకో చిల్లు బిగించడం శుద్ధ దండగ. బిగించేకొద్దీ వెనక కుచ్చిళ్లు విచ్చుకుంటాయి, ముందు పొర ఇంకా తొందరగా కిందికి దూకుతుంది. దీనికి మందు బ్రేసెస్. భుజాల మీదుగా వేసుకునే ఆ సాగే పట్టీలు బరువుని నడుము మీంచి తీసి భుజాలకి అప్పగిస్తాయి. పైన వెయిస్ట్‌కోటు తొడిగితే ఎవరికీ కనబడవు. సొంతంగా కుట్టించుకునే స్తోమత ఉంటే ముందు పొర వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ విప్పారేలా కోయించుకోవాలి.

వెడల్పాటి తోలు బెల్టు సంగతికొస్తే, అది అలంకారమే. వెయిస్ట్‌కోటు వేసుకుంటే బెల్టు పెట్టుకోకపోవడమే అక్కడి పద్ధతి. ఈ పద్ధతి పెట్టినవాడెవడో కచ్చితంగా మన బాపతే అయ్యుంటాడు. ముందు వేలాడే స్పోరన్ అనే తోలుసంచి మాత్రం తప్పదు, జేబుల్లేని బట్టకి అదే జేబు. దాని గొలుసు కాస్త వదులుగా పెట్టి పొట్ట వాలు దాటించాలి. లేదంటే అడుగడుగుకీ డోలు కొట్టినట్టు పొట్ట మీద దరువేస్తుంది. ఇక కిల్టు పిన్ను పై పొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చి కూర్చుంటే బట్ట పర్రుమంటుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్లు చేత్తో సర్దుకుంటూ ఎలా కూర్చోవాలో మా ఆవిడ నేర్పింది, చాలా సంతోషంగా.

ముస్తాబంతా అయ్యాక మా అమ్మకి వీడియో కాల్ చేశాను. కిందా మీదా చూసి, "బాగుందిరా. ప్యాంటు ఇస్త్రీకిచ్చావా?" అంది.

పొట్ట మీద కిల్టు కట్టే విషయంలో రాజులే తిప్పలు పడ్డారు. 1822 ఆగస్టులో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చాడు. వేడుకల బాధ్యతంతా నవలాకారుడు వాల్టర్ స్కాట్‌ది. రాజుగారి హైలాండ్ దుస్తులకి, నగలూ ఆయుధాలతో కలిపి, 1,354 పౌండ్ల 18 షిల్లింగులయ్యాయి. అంత పోసి కొన్న కిల్టు భారీకాయుడైన రాజుగారికి మోకాళ్లకి బాగా పైనే ఆగిపోయింది. కింద గులాబీరంగు మేజోళ్లు! కార్టూన్లు గీసేవాళ్లకి పండగే పండగ. అది చాలదన్నట్టు లండన్ మాజీ మేయరు, అంతే భారీ మనిషి అయిన విలియం కర్టిస్, అచ్చం రాజుగారి గళ్లతోనే కిల్టేసుకుని ఆయన కొలువుకే వచ్చాడు. తర్వాత డేవిడ్ విల్కీ వేసిన రాజుగారి చిత్రంలో ఆ గులాబీరంగు మేజోళ్లు మాయమయ్యాయి, ఒళ్లూ తగ్గింది. చిత్రకారుడు దొరకడం రాజులకి చెల్లింది. మనకి పెళ్లి ఫొటోగ్రాఫరే గతి.

స్కాట్లండులోని బ్రేమర్‌లో ఏటా సెప్టెంబరు మొదటి శనివారం జరిగే ఆటల పోటీలు చూస్తే కాస్త ధైర్యమొస్తుంది. పొడవాటి దూలాల్ని ఎత్తి గిరాటేసే వస్తాదులందరూ కిల్టుల్లోనే ఉంటారు. వాళ్లలో సన్నటి నడుము కోసం వెతకడం వృథా. వాళ్ల కిల్టులు జారవు. ఒంటి కొలతకి కుట్టించుకున్నవి కదా.

నా మటుకు నాకు ఆ పెళ్లిలో నడుము దగ్గర ఏ ఇబ్బందీ కలగలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా పొట్ట మీంచి బయటికి రాలేదు, బెల్టు లాక్కోవాల్సిన పని లేదు, భోజనం దగ్గర బొత్తాం తియ్యాల్సిన అగత్యమూ రాలేదు. పొట్ట ఉన్నవాడికి సూటు కంటే కిల్టే నయమని నా తీర్పు. మీకూ అలాంటి పెళ్లిపిలుపు వస్తే వెనకాడకండి. సైజు మాత్రం ఫోన్లో చెప్పకండి, మనిషి వెళ్లి కొలతివ్వండి. అదీ పొద్దున్నే ఖాళీకడుపుతో కాదు, సుబ్బరంగా భోంచేశాక వెళ్లండి.