బూట్ల పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
ముందు నుక్కు టోపి మునివేళ్లు కాపాడ,
అడుగు మేకు దూరనట్టి పలక,
నీరు నూనె మీద నిలదొక్కు సోలుండు
జోడు కొనుము ధరను జూచి మేస్త్రి.

అవతారిక: కర్త పేరు ఏ ప్రతిలోనూ లేదు. సెంట్రింగ్ చెక్కల మధ్య తిరిగి బతికినవాడని రెండో పాదమే చెబుతోంది. మేకు సంగతిని అంత ముందుకు తెచ్చినవాడు కుర్చీలో కూర్చుని రాసి ఉండడు. సందర్భం ఇది: హైదరాబాదు శివార్లలో అపార్టుమెంటు పని పట్టిన ఒక మేస్త్రి తన ముఠాకు బూట్లు కొనడానికి సికింద్రాబాదు రాణిగంజి బయల్దేరుతుంటే ఒక పెద్దాయన ఈ పద్యం చెప్పి పంపాడు. అక్కర్లేనిది చెప్పకూడదన్న నియమం సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథసూరిది. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం. రాణిగంజిలో బూట్ల బేరం చేయవలసి వచ్చి ఉంటే ఆయనా కొంత సడలించేవాడు.

ఛందస్సు: ఆటవెలది. పాదానికి ఐదు గణాలు, కాలికి ఐదు వేళ్లు. మొత్తం ఇరవై గణాలన్నారు గనక చేతివేళ్లు కూడా లెక్కలోకి వస్తాయని ఒక వ్యాఖ్యాత వాదించాడు. గ్లౌజులకు వేరే పద్యం ఉంది, ఇక్కడ వద్దు.

ప్రతిపదార్థం: మేస్త్రి = ఓ మేస్త్రీ; ముందున్ = బూటు ముక్కునందు; మునివేళ్లు = కాలివేళ్ల కొనలను; కాపాడన్ = రక్షించుటకై; ఉక్కు టోపి = ఉక్కు గుల్లయు; అడుగు = అరికాలి కింద; మేకు దూరనట్టి = బరువుతో తొక్కినా మేకు చొరని; పలక = రేకును; నీరు నూనె మీద = తడిపైనను జిడ్డుపైనను; నిలదొక్కు = జారక నిలుచు; సోలు = సోలును; ఉండు = కలిగినట్టి; జోడు = జతను; ధరను = (శ్లేష; దిగువ చూడుడు); చూచి = పరికించి; కొనుము = కొనవలసినది.

తాత్పర్యం: మేస్త్రీ, వేళ్లు నలగనివి, మేకు దిగనివి, కాలు జారనివి చూసి మరీ కొనుక్కో.

ఉక్కు టోపి. శంక: టోపీ నెత్తికి గాని కాలికేమిటి? సమాధానం: నెత్తిన పడబోయి తప్పిన ఇటుక ఎక్కడ పడుతుందో శంకించినవారే చెప్పాలి. అంగడిలో దీన్ని ‘స్టీల్ టో’ అంటారు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 15298. ఇందులో నాలుగు భాగాలు. మొదటిది పరీక్షల పద్ధతి. రెండోది ‘సేఫ్టీ’: టోపీ 200 జౌల్స్ దెబ్బకు ఓర్చుకోవాలి. అంటే 20 కిలోల దిమ్మ మీటరు పైచిలుకు ఎత్తునుంచి వచ్చి పడడం. పైనుంచి నెమ్మదిగా అదిమితే 15 కిలోన్యూటన్లు, దాదాపు టన్నున్నర, మోయాలి. మూడోది ‘ప్రొటెక్టివ్’: దెబ్బ సగం, 100 జౌల్స్. నాలుగోది ‘ఆక్యుపేషనల్’: అసలు టోపీయే లేదు. బయటికి మూడూ ఒకేలాంటి నల్లబూట్లు. దుకాణంవాడు మూడింటినీ ‘సేఫ్టీ షూ’ అనే పిలుస్తాడు. కాబట్టి నోటిమాట వదిలి బూటు మీద అచ్చయిన అంకె చదవాలి.

ఓర్చుకోవడమంటే పగలకపోవడం ఒక్కటే కాదు. దెబ్బ తిన్నాక కూడా లోపల వేళ్లకు చోటు మిగలాలి: 42 సైజుకైతే 14 మిల్లీమీటర్లు. పరీక్షలో వేళ్ల స్థానంలో మెత్తటి మట్టిముద్ద పెట్టి, అది ఎంత అణిగిందో కొలుస్తారు. అలాంటి పెద్ద దెబ్బ ఒకసారి తిన్న బూటు పైకి బాగానే కనిపించినా ఇక పనికి రాదు.

పాఠాంతరం: ఫుట్‌పాత్ ప్రతుల్లో ‘ముందు రేకు టోపి’ అని కనిపిస్తుంది. గణం సరిపోయింది గనక ఇదీ సాధువే అనేవాళ్లున్నారు. ఛందస్సు చెడదు, వేలు చెడుతుంది. 2020 నాటి కేంద్ర ఉత్తర్వు సేఫ్టీ బూట్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసింది. ముద్ర వేయడం రేకు టోపీవాడికీ చేతనవును. ముద్రతోపాటు ఉండే లైసెన్సు నంబరును ఫోనులో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే ఆ నంబరు ఎవరిదో, ఏ సరుకుకు ఇచ్చారో వస్తుంది. ఆ నంబరు కొడుతున్నప్పుడు దుకాణంవాడి ముఖం చూడడం కూడా ఒక పరీక్షే.

మేకు దూరనట్టి పలక. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఇటుక పడడం అరుదు, మేకు తొక్కడం రోజూ ఉన్నదే. స్లాబు కింద చెక్క విప్పిన రోజున నేలంతా మేకులు పైకి తేలిన పలకలు. వాటి మధ్యే తట్టలు మోస్తూ నడవాలి, తట్ట మోసేవాడికి తన కాలు కనపడదు. ప్రమాణంలో పరీక్ష ఏమిటంటే నాలుగున్నర మిల్లీమీటర్ల మేకును 1100 న్యూటన్ల బలంతో, అంటే 110 కిలోల పైచిలుకు బరువుతో, సోలులోకి గుచ్చుతారు. దిగకూడదు.

ఇక్కడే ఒక్క అక్షరం దగ్గర మోసపోతారు. ‘ఎస్1’ అన్న బూటులో ఈ పలక లేదు. ‘ఎస్1పి’లో ఉంది. ‘ఎస్3’లో పలకతోపాటు తోలు తొందరగా నీరు పీల్చదు, సోలుకు లోతైన గాట్లుంటాయి. చవకగా దొరికేవాటిలో ఎక్కువ ఎస్1లే. టోపీ వేలితో కొడితే టంగుమంటుంది గనక అందరూ టోపీ చూసి తృప్తిపడతారు. పలక చప్పుడు చేయదు. తూకం వేసుకోవలసి వస్తే నేను టోపీ కంటే పలకకే ముందు డబ్బు పెడతాను. పలక రెండు రకాలు. ఉక్కుది సన్నమేకును కూడా ఆపుతుంది గాని బరువు, పైగా అంచుల దాకా పరుచుకోదు. గట్టి నేతగుడ్డ పొరలది తేలిక, వంగుతుంది, సోలంతా కప్పుతుంది, సన్నమేకు దగ్గర కాస్త వెనకబడుతుంది.

నీరు నూనె మీద. శంక: ఇల్లు కట్టేచోట నూనె ఎక్కడిది? ఇది వంటవాడి పద్యమేమో? సమాధానం: కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ ప్లేట్లకు పూసే నూనె చూడనివాడి శంక ఇది. బూటు మీది గుర్తుల్లో ఎస్‌ఆర్‌ఏ అంటే సబ్బునీళ్లు పోసిన టైలు మీద, ఎస్‌ఆర్‌బీ అంటే గ్లిజరిన్ పోసిన ఉక్కు మీద జారుడు పరీక్ష నెగ్గినది. ఎస్‌ఆర్‌సీ అంటే రెండూ.

సోలు. పీయూ (పాలీయూరెథేన్) సోలు తేలిక, నడకకు మెత్తన. అయితే వేడి తారు మీద కరుగుతుంది. రోడ్డు పనికి నైట్రైల్ రబ్బరు సోలే దిక్కు. వేడికి తట్టుకునే రకమని గుర్తున్నది 300 డిగ్రీల వేడిని ఒక నిమిషం భరించాలి. పీయూకి ఇంకో జబ్బుంది. వేడిలో, తేమలో ఏళ్ల తరబడి గోదాములో పడి ఉంటే వేసుకోకుండానే లోలోపల పాడై, వేసుకున్న వారానికే పొడిపొడిగా రాలిపోతుంది. భారీ తగ్గింపుకు ఇచ్చే జోడు అడుగున తయారీ నెల చూడకుండా డబ్బులు తీయకండి.

ధరను జూచి. శ్లేషాలంకారం. ధర అంటే వెల అని పామరులు. భూమి అని నిఘంటువు. కవి ఉద్దేశం రెండూనని, అందులో నేలే ముందని ఈ టీకాకారుడి మతం. ఏ నేల మీద నిలబడతావో చూసి, ఆ తర్వాత వెల చూడమన్నాడు. స్లాబు పోసేవాడికి పై మూడు పాదాల తోలుబూటు దండగ. తడి సిమెంటు ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది. బూటులోకి దిగితే అప్పటికప్పుడు మంట తెలియదు, సాయంత్రానికి చర్మం ఊడుతుంది. అక్కడ గమ్‌బూట్లే, అదీ ప్యాంటు అంచు బూటు పైన ఉండేలా. పరంజా ఎక్కేవాడికి తేలికగా, వంగేలా ఉండాలి. టైల్స్ పనివాడు రోజంతా గొంతుకూర్చుంటాడు. టోపీ అంచు సరిగ్గా వేళ్లు మడతపడేచోట కోస్తుంది గనక వాడు దుకాణంలో నిలబడి కాక, కూర్చుని చూసుకోవాలి.

ఇక వెల. 600 రూపాయల జోడు నాలుగు నెలలు వచ్చిందనుకోండి, నెలకు 150. 1,500 జోడు పది నెలలు వస్తే అదీ నెలకు 150. ఖరీదైనదే చివరికి చవక అన్న మాట ఇక్కడ తేలిపోయింది. ఖరీదైన జోడు గెలవాలంటే అందులో పలక ఉండాలి, ఏడాది రావాలి. పైగా రోజుకూలీ తెచ్చుకునేవాడికి ఒక్కసారిగా 1,500 తీయడం వేరే లెక్క. సోలు మార్పించుకోగల వెల్ట్ కుట్టు బూట్లు గొప్పవే గాని, సిమెంటు పనిలో సోలు అరిగేలోపు తోలే బీటలు వారుతుంది. ఆ డబ్బుతో మామూలువి రెండు జోళ్లు కొని రోజు మార్చి రోజు వేసుకుంటే, చెమట పూర్తిగా ఆరి, రెండూ ఎక్కువ కాలం వస్తాయి. సాయంత్రం తడిగుడ్డతో సిమెంటు తుడవడం తోలుకు అన్నిటికన్నా పెద్ద ఆయుష్షు. ఎండలో పెడితే పెళుసెక్కుతుంది.

లోపం: సైజు మాట కవి ఎత్తనే లేదు. కాళ్లు సాయంత్రానికి ఉబ్బుతాయి గనక సాయంత్రమే, పనికి వేసుకునే మేజోళ్లతోనే కొలుచుకోవాలి. బిగుతుగా ఉందంటే ‘వేసుకోగా వేసుకోగా సాగుతుంది’ అంటాడు దుకాణంవాడు. తోలు సాగుతుంది. ఉక్కు టోపీ సాగదు.

మేస్త్రి. సంబోధన. ఇక్కడ పండితులకు పెద్ద పేచీ వచ్చింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు, తడి కాంక్రీటులో పనిచేసేవాళ్లకు నీరు చొరని బూట్లు ఇచ్చే బాధ్యత పని పెట్టినవాడి మీదే పెట్టాయి. కాబట్టి ‘కొనుము’ అని చెప్పవలసింది మేస్త్రికి కాదు, పాఠం తప్పు అని ఒక పక్షం. సరే, దిద్ది చూశాం. ఆటవెలది నాలుగో పాదంలో అన్నీ సూర్యగణాలే. ‘మేస్త్రి’ గురువు, లఘువు, చక్కగా ఇమిడింది. ‘ఓనరు’ పెడితే భగణమైంది. ‘బిల్డరు’ అన్నా భగణమే. ‘కాంట్రాక్టరు’ అనబోతే అది సూర్యగణమూ కాలేదు, ఇంద్రగణమూ కాలేదు. ఛందస్సు వాళ్లెవరినీ లోపలికి రానివ్వలేదు గనక, అన్ని ప్రతుల్లోనూ బూట్లు మేస్త్రే కొంటున్నాడు.