గాలి సూచనకు సటీకా తాత్పర్యము

అవతారిక

మేఘసందేశానికి సంజీవని అనే టీక రాసిన మల్లినాథసూరి మన మెదక్ కొల్చారం వాడు. మబ్బుకి దారి చెప్పే కావ్యానికే మనవాడొకడు టీక రాశాడు కదా అన్న ధైర్యంతో, మబ్బుకీ గాలికీ దారి చెప్పే ఇంకో రకం వాఙ్మయం మీద చెయ్యి వేస్తున్నాను. ఆ వాఙ్మయం పేరు గాలి సూచన. ఇది అమెరికాలో ఒరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల నడుమ కొలంబియా నది కొండల్ని కోసుకుని పారేచోట వేసవిలో రోజూ పొద్దున్నే పుడుతుంది. పలకకి తెరచాప బిగించి నీళ్ల మీద పరిగెత్తే విండ్‌సర్ఫర్లు, నడుముకి గాలిపటం తగిలించుకుని ఎగిరే కైట్‌బోర్డర్లు దీని పాఠకులు. వీళ్లలో సగంమంది హుడ్ రివర్ అనే చిన్న ఊళ్లో కాఫీ తాగుతూ చదువుతారు. మిగతా సగం 60 మైళ్ల అవతల పోర్ట్‌లాండ్‌లో, ఆఫీసు మీటింగులో, బల్ల కింద ఫోను పెట్టుకుని చదువుతారు. చదువుతారు అన్నానే గానీ, నిజానికి అంకె ఎక్కడుందో వెతుక్కుని అది చూసి లేచిపోతారు. ఈ టీక వాళ్ల మీద కోపంతో రాసింది.

జూలైలో ఏ రోజు తీసుకున్నా సూచన కాస్త అటూఇటూగా ఒకలాగే ఉంటుంది కాబట్టి, నమూనాకి ఒకటి నేనే కూర్చాను.

మూలము

మబ్బు స్టీవెన్‌సన్ దాటి నిలిచింది. పొద్దున హుడ్ రివర్‌లో 15–19. మధ్యాహ్నం స్వెల్ సిటీ నుంచి మోజియర్ దాకా 23–27, గస్టీ. మబ్బు ఇంకా జరిగితే సాయంత్రం రూఫస్‌లో 30. ప్రవాహం ఒక మోస్తరు. రేపు ఎండ.

ప్రతిపదార్థము

మబ్బు = పసిఫిక్ సముద్రముపై పుట్టి చల్లగాలిని వెంటబెట్టుకొని లోయలోనికి దూరు బూడిదరంగు పొర; స్టీవెన్‌సన్ = హుడ్ రివర్‌కు పడమట సుమారు ఇరువది మైళ్ల దూరమున వాషింగ్టన్ ఒడ్డుననున్న ఊరు; నిలిచింది = ప్రస్తుతమునకు నిలిచినది, ఇకముందు నిలుచునని పూచీ లేదని భావము; 15–19 = గంటకు మైళ్లు, అదియు సగటు; స్వెల్ సిటీ = పేరున నగరమేగాని ఇల్లు వాకిలి లేని ఒక రేవు; గస్టీ = దీనికి వేరుగా వ్యాఖ్యానము గలదు; జరిగితే = ఈ సూచనకంతటికి ప్రాణప్రదమైన పదము.

విశేషము

పాఠకుడు 27 మీద వాలతాడు. సూచన రాసినవాడు మాత్రం మబ్బుతో మొదలుపెట్టాడు. ఎందుకు?

కాస్కేడ్ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టు ఉంటాయి. ఆ గోడలో ఇంచుమించు సముద్రమట్టానికి ఉన్న సందు ఈ కొలంబియా లోయ ఒక్కటే. పొడవు సుమారు 80 మైళ్లు, లోతు కొన్నిచోట్ల 4,000 అడుగులు. వేసవిలో పడమట చల్లటి సముద్రం మీద అధిక పీడనం కూర్చుంటుంది. తూర్పున ఎండిన గోధుమ నేలలు కాగిపోయి అక్కడ పీడనం పడిపోతుంది. వీధి తలుపూ పెరటి తలుపూ బార్లా తీసినప్పుడు నడవలో పడుకున్న తాతగారి పంచె ఎందుకు ఎగురుతుందో, ఈ లోయలో గాలి అందుకే వీస్తుంది. తెలిసినవాళ్లు పొద్దున్నే పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో పీడనం ఎంత, కొండల అవతల ది డాల్స్ విమానాశ్రయంలో ఎంత అని చూసి తీసివేత చేస్తారు. రెండుచోట్లా వెయ్యి మిల్లీబార్ల పైచిలుకే ఉంటుంది. తెరచాపకి కావలసింది వాటి మధ్య ఉండే ఆ కొద్ది మిల్లీబార్ల తేడా.

మబ్బు ఆ తేడాకి కంటికి కనిపించే గుర్తు. సముద్రపు గాలి ఎంతదూరం చొచ్చుకొచ్చిందో దాని అంచు చెబుతుంది. మబ్బు కింద గాలి చీలికలు పేలికలుగా ఉంటుంది. అంచుకి కాస్త తూర్పున, ఎండ పడేచోట, చక్కగా సాగుతుంది. అంచు పడమటే ఆగితే హుడ్ రివర్ పంట పండినట్టే. ఊరు దాటి వచ్చేసిందా, గాలి కూడా మూట కట్టుకుని తూర్పుకి పోతుంది. అంచేత ఇక్కడ ‘ఎంత గాలి’ అన్నది రెండో ప్రశ్న. ‘ఎక్కడ, ఎప్పటిదాకా’ అన్నదే మొదటిది. దానికి జవాబు అంకెలో లేదు, మొదటి వాక్యంలో ఉంది.

పోర్ట్‌లాండ్‌లో జూలై పొద్దున ముసురు పట్టి, జల్లు కూడా పడేటట్టుంటే ఊరంతా మొహం ముడుచుకుంటుంది. అదే మబ్బు చూసి కారు మీద పలక కట్టేవాడు మాత్రం ఈల వేస్తాడు. హిల్స్‌బరోలో, బీవర్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లకి పక్కింటివాడి ఈ ఉత్సాహం వింతగా కనబడితే, కారణం ఇదీ.

23–27 అను సంఖ్యకు వ్యాఖ్య

సర్ఫర్లు గాలిని మైళ్లలో చెప్పుకోరు. ‘ఎలా ఉంది?’ అంటే ‘ఫోర్ టూ’ అంటారు. అంటే 4.2 చదరపు మీటర్ల తెరచాప సరిపోయే గాలి. ‘ఫైవ్ ఓ’ అంటే కాస్త మెత్తన. ‘త్రీ ఫైవ్’ అన్నారంటే కొత్తవాళ్లు ఒడ్డున కూర్చుని శాండ్‌విచ్ తినాలి. గాలిపటం వాళ్ల లెక్క వేరు. గాలి తక్కువైతే 12 మీటర్లు, మధ్యస్థంగా ఉంటే 9, బలంగా ఉంటే 7. వినేవాడికి ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ అంకె చెప్పేవాడి బరువు మీద ఆధారపడుతుంది. తొంభై కిలోల మనిషి 5.0 తో హాయిగా తిరిగే గాలిలో అరవై కిలోల మనిషికి అదే చాప ఇస్తే వాషింగ్టన్ ఒడ్డున వెతుక్కోవాలి. కాబట్టి ‘ఫోర్ టూ’ విన్నప్పుడు ముందు ఆ మనిషి పొట్ట చూడాలని సంప్రదాయం.

ఈ కొలత మరీ కొత్తదేం కాదు. రెండు వందల ఏళ్ల కిందట బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ గాలికి మెట్లు కట్టినప్పుడు ఆయన చూసింది కూడా, ఆ గాలికి యుద్ధనౌక ఎన్ని చాపలు మొయ్యగలదన్నదే. ఇప్పుడు ఓడ పోయింది, ఒక మనిషీ ఒక చాపా మిగిలారు.

గస్టీ అను పదమునకు వ్యాఖ్య

సగటు 25 అన్నారు. ఆ సగటు 23కీ 27కీ మధ్య నడిస్తే స్వర్గం. 14కి పడి 36కి లేస్తే దాని సగటూ 25 చుట్టూనే ఉంటుంది. అయితే గాలి ఒత్తిడి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఆ లెక్కన 14 నుంచి 36కి లేవడమంటే చేతుల్లోని చాపని ఆరు రెట్లు మించిన బలం గుంజడం. చాప పట్టుకున్నవాడికి ఒక వెసులుబాటు ఉంది, వదిలేస్తే అది నీళ్లలో పడుకుంటుంది. గాలిపటం అలా కాదు. ఇరవై మీటర్లకి పైగా పొడవున్న తాళ్ల చివర, పైనున్న గాలిలో, నడుముకి కట్టి ఉంటుంది. దాన్ని విడిపించుకునే మీట కట్టులోనే ఉన్నా, అది గుర్తొచ్చేలోపల మనిషి గాల్లో ఉంటాడు. అందుకే ఒకే వాక్యాన్ని విండ్‌సర్ఫర్ వీరరసంలోనూ కైట్‌బోర్డర్ భయానకంలోనూ చదువుతారు. ఈ గాలిపటాల వ్యవహారానికి తొలి ప్రయోగశాలల్లో ఈ నది కూడా ఉంది. 1990ల మొదట్లో కోరీ రోసెలర్ అనే యువకుడు, బోయింగ్ ఇంజనీరైన తండ్రి బిల్‌తో కలిసి చేసిన కైట్‌స్కీ కట్టుకుని ఇక్కడే తిరిగాడు.

పాఠాంతరములు

సూచనకి శాఖలున్నాయి. అమెరికా ప్రభుత్వపు జీఎఫ్ఎస్ అనే మోడల్ భూగోళమంతటినీ సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. యూరప్ వాళ్లది 9 కిలోమీటర్లు. హెచ్ఆర్ఆర్ఆర్ అనేది 3 కిలోమీటర్ల గళ్లతో గంటగంటకీ పాఠం మారుస్తుంది. హుడ్ రివర్ దగ్గర నది వెడల్పు సుమారు ఒక మైలు. అంటే మొదటి శాఖవారికి ఈ లోయ ఉన్నట్టే సరిగా తెలియదు; కొండనీ నదినీ కలిపి ఒక గడిలో వేసి, గాలి 9 అని నిర్మొహమాటంగా ప్రకటిస్తారు. మూడో శాఖవారికి లోయ కనిపిస్తుంది గానీ గంటకో మాట. ఈ మూడింటినీ ముందేసుకుని, కిటికీలోంచి మబ్బు చూసి, నిన్న ఏ శాఖ ఎంత తప్పిందో గుర్తుంచుకుని రాసేవాడే స్థానిక సూచకుడు. నా ఓటు వాడికే. జాతీయ వాతావరణ సేవ కూడా ఈ లోయని రెండు ముక్కలు చేసి, పడమటి భాగం పోర్ట్‌లాండ్ ఆఫీసుకీ తూర్పు భాగం పెండిల్టన్ ఆఫీసుకీ ఇచ్చింది. గాలికి ఆ సరిహద్దు సంగతి ఎవరూ చెప్పలేదు.

శంక

‘నిన్న 27 అన్నారు. నాలుగు గంటలకి వెళ్తే పదకొండు. సూచన అబద్ధం కాదా?’

సమాధానము

కాదు. గాలి వచ్చింది, నువ్వున్న చోటికి రాలేదు. మూలంలో ‘జరిగితే’ అని ఉంది చూడు. మబ్బు జరిగింది. 27 కాస్తా హుడ్ రివర్‌కి 13 మైళ్లు తూర్పున ఉన్న రోవీనాకి, అది దాటి హుడ్ రివర్‌కి 45 మైళ్ల దూరంలోని రూఫస్‌కి పోయింది. చెట్టూ చేమా లేని ఆ గోధుమరంగు కొండల మధ్య అప్పుడు ఎవరో ఫోర్ టూ కూడా ఎక్కువై తిట్టుకుంటున్నారు.

‘అయితే వెంటనే రూఫస్ పోదునా?’ అన్నది అనుబంధ శంక. ఉన్న గాలిని వదిలి వేరే గాలికి పోకూడదని తెరచాప పట్టిన పెద్దల మాట. హైవే ఎక్కి, ఎండలో ముప్పావు గంట నడిపి, చాప బిగించేసరికి అక్కడ గాలి పడిపోయి, హుడ్ రివర్‌లో మళ్లీ లేచిందని ఫోనులో కబురొస్తుంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. ఈ ఘట్టంలో ఏ టీకా పనికిరాదు.

ప్రవాహం ఒక మోస్తరు

ఈ వాక్యాన్ని ఎవరూ చదవరు. నది తూర్పు నుంచి పడమటికి పారుతుంది, గాలి పడమటి నుంచి తూర్పుకి. ఎదురుబొదురు రాపిడికే అలలు నిటారుగా లేస్తాయి. జనం అంతదూరం వచ్చేది వాటికోసమే. ప్రవాహం సర్ఫర్ని గాలికి ఎదురు మోస్తుంది కాబట్టి దిగినచోటికే తిరిగి రావడం తేలిక. వేసవి మొదట్లో మంచు కరిగిన నీటితో నది జోరుగా ఉంటుంది, ఆగస్టుకి నీరసిస్తుంది. పైగా ఆనకట్టల వాళ్ల ఇష్టం. గాలి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ఇదే ప్రవాహం మనిషినీ పలకనీ కలిపి పడమటికి సాగనంపుతుంది. అదే దారిలో గోధుమలు నింపుకున్న బార్జీలు వస్తాయి. వాటికి బ్రేకులుండవు, దగ్గరికొస్తే ఉన్న గాలినీ అడ్డుకుంటాయి.

వేసవి చివర సాల్మన్ చేపలు ఎదురెక్కే రోజుల్లో వలలుంటాయి. యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పర్స్ తెగలకి 1855 ఒప్పందాల నుంచీ ఇక్కడ చేపలు పట్టే హక్కు ఉంది. తేలే బుడ్లు చూసి పక్కనుంచి పోవడం పలక తొక్కేవాడి పని. ఆడుకునేవాడు పనిచేసుకునేవాడికి దారివ్వాలని సూచనలో రాయరు, అధ్యాహారం చేసుకోవాలి.

రేపు ఎండ

రెండే పదాలు. పామరుడికి శుభవార్త. మూలంలో ఇంతకంటే విషాద వాక్యం లేదు. ఎండ అనగా, తూర్పునుండవలసిన అల్పపీడనము కొండలు దాటి పడమటికి వచ్చుట. పోర్ట్‌లాండ్ కూడా ఎడారితో సమానముగా కాగుట. రెండు తలుపుల దగ్గరా ఒకే వేడి యగుటచే నడవలో గాలి ఆడకుండుట అని యర్థము. ఒక్కోసారి తూర్పు గాలే ఎదురు తిరుగుతుంది. అందుకే ‘రేపు ఎండ’ అన్న వాక్యాన్ని అడవి మంటలార్పేవాళ్లు వేరేగా చదువుతారు. 2017 సెప్టెంబరులో ఈగిల్ క్రీక్ దగ్గర అంటుకున్న మంట తూర్పు గాలి పట్టుకునే పడమటికి పరిగెత్తింది. చలికాలంలో ఇదే తూర్పు గాలి గడ్డకట్టే చలిని మోసుకొచ్చి పోర్ట్‌లాండ్ వీధుల్లో వాన చినుకుని గాజుపెంకు చేస్తుంది. అది వేరే గ్రంథం.

ఎండ రోజుల్లో హుడ్ రివర్‌లో పెరట్లో గడ్డి కోస్తారు, చాపల చిరుగులకి టేపు వేస్తారు, పెళ్లాం పిల్లలతో మాట్లాడతారు. అయితే ఈ ‘రేపు’కి ఒక ‘ఎల్లుండి’ ఉంది. కాగిన లోయలోకి సముద్రపు చల్లగాలి ఒక్కసారిగా తిరిగి దూరే రోజు. ఆ తోపుతో వచ్చేది వేసవి మొత్తంలో గట్టి గాలుల్లో ఒకటి. ఆ పొద్దున సూచనలో మబ్బు ఎక్కడుందో, అంచు ఎటు జరుగుతుందో పూర్తిగా రాసి ఉంటుంది. చదివి అర్థం చెప్పడానికి నేను సిద్ధమే గానీ, వినడానికి ఒడ్డున ఒక్కడూ మిగలడు.