ఏ గిన్నెలో మరిగించాలి?

నన్ను కొన్నది ఆడబిడ్డ, వాడేది వదిన. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పని ఆ వదినది. రాశి ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచే వీలుండదు. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకుందామంటే చాటు దొరకదు, దొరికినా వాడింది పారేసే చోటుండదు. నల్ల కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేది. ఒరుసుకుపోయిన తొడల మీద మిరప ధూళి పడితే ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా! ఆ మంట సంగతి తెలిసే, నర్సింగు చదివిన ఆడబిడ్డ నన్ను తెచ్చింది.

నేను మెన్‌స్ట్రువల్ కప్పును. పుట్టింది మెడికల్ గ్రేడ్ సిలికాన్‌తో, ఆకారం తిరగేసిన చిన్న గంట. ప్యాడ్‌లా పీల్చుకోను, పట్టి ఉంచుతాను. మాలో చాలామందికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. నెలసరి మొత్తానికి పోయే రక్తం మామూలుగా 30, 40 మిల్లీలీటర్లేనంటే వదిన నమ్మలేదు. “అంతేనా? నాకు బకెట్లకు బకెట్లు పోతన్నట్టుంటది గదా!” అంది.

మా వంశం నిన్న మొన్నటిది కాదు. 1937లోనే లియోనా చామర్స్ అనే అమెరికా నటి రబ్బరు కప్పుకు పేటెంటు సంపాదించింది. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరుకు కరువొచ్చి ఆ కప్పుల తయారీ ఆగింది. మన దక్షిణాదిలోనే ఉన్న కేరళలో, 2019లో అలప్పుళ మునిసిపాలిటీ ‘తింగళ్’ పథకం కింద 5,000 కప్పులు ఉచితంగా పంచింది. 2022లో కొచ్చి దగ్గరి కుంబళంగిని ప్యాడ్లు వాడని పంచాయతీగా ప్రకటించారు. గుంటూరు సందుల్లో మాత్రం కప్పంటే ఇంకా టీ కప్పే.

ఆడబిడ్డ దుకాణంలో దొరికిందల్లా తీసుకొచ్చే రకం కాదు. ముందు వదినను కూర్చోబెట్టి ఆరా తీసింది. కాన్పులు నార్మలా, ఆపరేషనా? రక్తస్రావం ఎక్కువా? కాపర్ టీ వేయించుకున్నావా? ఈ మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. కప్పు తీసేటప్పుడు కాపర్ టీ దారం కూడా లాగుడుపడి అది జారిపోవచ్చు కాబట్టి, అది ఉన్నవాళ్లు డాక్టరును అడగందే నా జోలికి రాకూడదు. తర్వాత, నెలసరిలో ఉన్నప్పుడు శుభ్రంగా చేతులు కడుక్కుని, గర్భాశయ ముఖద్వారం ఎంత లోతున వేలికి తగులుతుందో చూసుకోమంది. దగ్గరలోనే తగిలితే పొడుగు కప్పు కిందకి పొడుచుకొస్తుంది, పొట్టిదే నప్పుతుంది. స్మాల్, లార్జ్ అనే మాటలను పట్టుకుంటే లాభం లేదు. ఒక కంపెనీ స్మాల్ ఇంకో కంపెనీ మీడియం అయి కూర్చుంటుంది. పెట్టె మీద మిల్లీమీటర్లు చదువుకోవాలి. మరీ మెత్తటిది లోపల విచ్చుకోవడానికి మొరాయిస్తుంది, మరీ గట్టిది మూత్రాశయాన్ని నొక్కుతుంది. నేను మధ్యరకం.

మా ఇంట్లో ఇంకో చిక్కుంది. మిరప ఘాటు నీళ్లకు పోదు. అందుకే వదిన ముందు చేతులకు వంటనూనె రుద్దుకుని, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గానీ నన్ను ముట్టుకోదు. ఏ కంపెనీ కాగితంలోనూ రాయని జాగ్రత్త ఇది!

పెట్టుకోవడం త్వరగానే వచ్చింది. అంచును వేలితో లోపలికి నొక్కి మడిస్తే చిన్నగా అవుతాను, లోపలికెళ్లాక విచ్చుకుని గోడలను పట్టుకుంటాను. కడుపులోకి పోతానేమోనని భయపడింది గానీ, ముఖద్వారంలో నాకు దూరే సందు ఎక్కడిది? తీయడం దగ్గరే బెంబేలెత్తింది. కాడ పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. బాత్‌రూము తలుపవతల నుంచి ఆడబిడ్డ కేకేసింది: “వదినా, కాడ లాగమాక! గొంతుక్కూచుని కిందికి ముక్కు. అడుగు వేళ్లకందుద్ది, దాన్ని రెండేళ్లతో నొక్కు. గాలి పట్టు వదిల్తే అదే వస్తది.” నొక్కింది, వచ్చాను. రెండు మూడు నెలలు ఇట్లా తంటాలు పడటం చాలామందికి ఉన్నదే.

అసలు యుద్ధం వంటింట్లో జరిగింది. నెలసరికీ నెలసరికీ మధ్య నన్ను నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించాలి. “నా పొయ్యి మీదా? ముట్టుదా?” అని అత్తగారు గయ్యిమన్నారు. ఆవిడ కాలంలో పాతగుడ్డలు ఉతుక్కుని, ఎవరి కంటా పడకుండా గడ్డివాము వెనక నీడన ఆరేసుకునేవాళ్లట. ఎండ తగలాల్సిన గుడ్డకు ఎండే లేదు! కూతురు వాదించింది, కోడలు మాట్లాడలేదు. చివరికి అత్తగారే అటక మీంచి సొట్టపడిన చిన్న స్టీలు గిన్నె దించి, చెవికి ఎర్ర దారం కట్టి, “ఇది అన్నం గిన్నెల్లో కలిసిందంటే చూడండి” అన్నారు. ఆవిడ కారణం ఏదైనా, విడిగా గిన్నె పెట్టుకోవడం మంచి పద్ధతే. గిన్నె అడుగంటితే నేను మాడిపోతాను, అందుకే వదిన పక్కనే నిలబడుతుంది. ఆరాక నూలు సంచిలో ఉంటాను. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బిగిస్తే గాలాడదు.

నన్ను 12 గంటలకు మించి లోపల ఉంచకూడదు. నేనున్నప్పుడు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఇట్లా కావడం అరుదే, కానీ ప్రాణాంతకం కావచ్చు. కాన్పయిన కొత్తలో, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు నన్ను వాడొద్దు. చిరిగినా, జిగురుగా మారినా మొహమాటం లేకుండా పారేయండి. బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాను, నెలనెలా ప్యాడ్ల ఖర్చు మిగులుతుంది.

రక్తస్రావం ఎక్కువగా ఉండే రెండో రోజున మాత్రం వదిన నన్ను మధ్యాహ్నం ఒకసారి ఖాళీ చేయాలి. కాబట్టి ఆడకూలీలను పెట్టుకునే షావుకార్లందరికీ ఒక విన్నపం. మరుగుదొడ్డి కట్టించేటప్పుడు కుళాయి బయట కాదు, లోపల పెట్టించండి. తలుపుకు లోపలి గడియ వేయించండి. నాకు కావలసింది చెంబెడు నీళ్లు, అయిదు నిమిషాల చాటు.