మావయ్యగారి మర్యాద, నా బండి తెల్లపొగ

టెక్సాస్‌లో పికప్ ట్రక్కు కొన్న తెలుగు సాఫ్ట్‌వేరువాళ్లలో నేనూ ఒకణ్ణి. 2021 ఫిబ్రవరి మంచుతుఫానుకి కరెంటు పోయి వణికినప్పుడు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేని ఇల్లు ఇల్లే కాదని మా ఆవిడకి నచ్చజెప్పాను. అది వంకేనని ఆవిడకి తెలుసు. ఈ దేశంలో పికప్పుల అమ్మకాల్లో ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ మొదటి స్థానంలో ఉంది. కొన్నవాళ్లందరికీ పశువుల కొట్టాలున్నాయా ఏమిటి? నాది ఏ కంపెనీదో మాత్రం చెప్పను. జరిగినదాంట్లో కంపెనీ పాపం ఏమీ లేదు. నా ట్రక్కు వీపు మీద ఎక్కిన పెద్ద బరువులు సోనామసూరి బస్తాలు, ఇల్లు మారే స్నేహితుల సోఫాలు.

ఒక చలికాలం పొద్దున సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వచ్చింది. "ఆవిరి" అని తేల్చేశాను. అబద్ధం కాదు. గ్యాలన్ పెట్రోలు మండితే దాదాపు గ్యాలన్ నీళ్లు పుడతాయి. చలిగాలి తగిలితే ఆ ఆవిరి తెల్లగా కనిపిస్తుంది, బండి వేడెక్కితే మాయమవుతుంది. నాకు వచ్చిన సైన్సు అంతే కాబట్టి దాన్నే పొదుపుగా వాడుకున్నాను. మధ్యాహ్నం కూడా పొగ వస్తే గాలిలో తేమ అన్నాను. ఏప్రిల్‌లో వచ్చేసరికి ఏమనాలో తోచలేదు. ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగులో బండి స్టార్ట్ చేస్తే, వెనక నిలబడ్డ పెద్దావిడ సాంబ్రాణి ధూపమనుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది.

అదే నెలలో మా మావయ్యగారు విజిటర్ వీసా మీద దిగారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యారు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేను ఉపన్యాసం ఇచ్చాను: నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లపొగ వస్తే వాతావరణం. ఆయన దారంతా "అవునండీ, అవునండీ" అన్నారు. అల్లుడి మాట కాదనే అలవాటు వాళ్ల ఇంట్లో లేదు.

ఇంటికొచ్చాక మెల్లిగా అడిగారు: "అల్లుడుగారూ, రేడియేటర్లో నీళ్లేమన్నా తగ్గుతున్నాయాండీ?"

తగ్గుతున్నాయి. గుట్టుగా నేను కూలెంట్ పోస్తూనే ఉన్నాను. "తగ్గినా కిందెక్కడా చుక్క కారట్లేదు మావయ్యగారూ" అన్నాను, అదేదో నా ఘనతైనట్టు.

"కింద కారకపోతే మరి ఎటు పోతున్నట్టండీ?"

దానికి నా దగ్గర వాతావరణం కూడా లేదు.

ఆయన సైలెన్సర్ వెనక చెయ్యి పెట్టి వాసన చూశారు. తియ్యటి వాసన, కూలెంట్‌ది. ఆయిల్ మూత విప్పి చూశారు. మీగడలా తెల్లటిదేమీ లేదు. "ఆయిల్లోకి ఇంకా వెళ్లలేదు, అదృష్టవంతులు" అన్నారు. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే తొలిసారి గొంతు పెంచారు: "చల్లారనివ్వండీ! మొహం కాలిపోద్ది!"

విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి ఒక గాజు గొట్టం అద్దెకి తెచ్చాను. అందులో నీలం రంగు ద్రవం ఉంటుంది. రేడియేటర్ మూతి మీద పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, పైనున్న రబ్బరు బుడ్డి నొక్కుతుంటే కూలెంట్ పైనున్న గాలి అందులోకి వస్తుంది. సిలిండర్‌లో మండిన గ్యాసు అందులో కలిసుంటే నీలం పసుపవుతుంది. నేను నొక్కాను. ముందు ఆకుపచ్చగా మారింది. "పచ్చ అంటే వెళ్లొచ్చనేగా!" అన్నాను. ఇంకో రెండు నొక్కులకి పసుపైంది.

"సిగ్నల్ మారిందండీ" అన్నారు మావయ్యగారు.

అప్పటికీ హెడ్ గ్యాస్కెట్ పోయిందని నోరు తెరిచి అనలేదు. "ఒకసారి హెడ్ దింపి చూస్తే మంచిదేమోనండీ" అన్నారంతే. నేను షాపులో చూసిన లీకు ఆపే మందు సీసా గుర్తుచేశాను. "లీకుతో పాటు హీటరు కూడా మూసుకుపోద్దేమోనండీ" అన్నారు. పోనీ నేనే విప్పుతానన్నాను. మా ఆవిడ ఫోన్ తీసి గ్యారేజీకి అపాయింట్‌మెంట్ పెట్టేసింది.

అక్కడి మెకానిక్కుకి స్పానిష్, మా మావయ్యగారికి తెలుగు. దుబాసీ పని కోసం ఇంగ్లీషు తెలిసిన నేను మధ్యలో నిలబడ్డాను. ఎవరికీ అవసరం పడలేదు. స్పార్క్ ప్లగ్గులన్నీ గోధుమరంగులో ఉంటే, ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది. నీళ్లు వెళ్లిన సిలిండర్ అదే. గ్యాస్కెట్ తీసి వెలుతురులో పట్టుకున్నారు. సిలిండర్ బెజ్జానికీ నీళ్ల బెజ్జానికీ మధ్య గోరంత కాలిన మచ్చ. ఇద్దరూ ఒకేసారి దాని మీద వేలుపెట్టి, ఒకేసారి నావైపు చూశారు.

హెడ్ మీద స్కేలు నిలబెట్టి చూస్తే కింద వెలుతురు కనిపించింది. అల్యూమినియం కదా, వేడికి వంగింది. లేత్ వర్క్‌షాపుకి పంపి చదును చేయించారు. ఆ బండి హెడ్ బోల్టులు బిగిస్తే సాగుతాయి, రెండోసారి పనికిరావు. అందుకని కొత్తవి వేసి, నడిమి నుంచి చివరలకి వరసగా బిగించారు. ఇంత పనిలో వాళ్లు నన్ను అడిగిందల్లా క్రెడిట్ కార్డు. బిల్లు రెండువేల డాలర్లు దాటింది. మావయ్యగారు ఆ కాగితాన్ని గౌరవంగా మడిచి నా చేతికే ఇచ్చారు.

మీ బండికి తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే, కూలెంటూ తగ్గుతుంటే, నాలా వాతావరణం గురించి మాట్లాడకుండా ఇంజన్ ఆపెయ్యండి. దింపిన పాత కూలెంట్ డ్రైవ్‌వేలో పారబొయ్యకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటి కిడ్నీలను పాడుచేసి చంపేస్తుంది. డబ్బాలో పట్టి రీసైక్లింగుకి ఇచ్చెయ్యండి.