అజాతశిశు సంరక్షణము

2011వ సంవత్సరమున కాలిఫోర్నియా శాసనకర్తల యెదుట, కాలిన గాయముల చికిత్సలో అమెరికా దేశమంతట ప్రఖ్యాతుడును, ఆ శాఖకు చెందిన వైద్యుల జాతీయ సంఘమునకు పూర్వాధ్యక్షుడును అయిన డేవిడ్ హైంబాక్ అను వైద్యుడు నిలిచి, అగ్నినిరోధక రసాయనములకు నోచుకొనని తలగడపై పరుండిన ఏడు వారముల పసికందు క్రొవ్వొత్తి మంటకు సగము దేహము కాలి, మూడు వారములు ఘోరయాతన ననుభవించి కన్ను మూసినదని విన్నవించెను. ఆ పసికందు విషయమున లోపమొక్కటే: అట్టి శిశువు లోకమున లేదు. 2009లో ఆయనయే ఆ రాష్ట్రమువారికి వినిపించిన తొమ్మిది వారముల శిశువును, 2010లో అలాస్కావారికి వినిపించిన ఆఱు వారముల శిశువును సైతము లేరని 'చికాగో ట్రిబ్యూన్' పత్రికవారు 2012లో దస్త్రములు తిరుగవేసి తేల్చిరి. తాను ప్రమాణము చేసి చెప్పలేదు గదా యని వైద్యుని సమాధానము. ప్రమాణము లేనిచోట ప్రాణము మాత్రమేల యుండవలెనని ఆయన భావము కాబోలు!

ఈ కన్నీటికి పెట్టుబడి పెట్టినది 'సిటిజన్స్ ఫర్ ఫైర్ సేఫ్టీ' అను పౌరసంస్థ. అగ్నిమాపక దళములవారును, ఉపాధ్యాయులును, వైద్యులును లోకహితార్థము గుమిగూడిన సమాజముగా తన్ను తాను వర్ణించుకొన్న యీ సంస్థలో సభ్యులు కడకు ముగ్గురే యని బయటపడినది: ఆల్బెమార్ల్, కెంచురా, ఐసీఎల్. మూడును ఆ రసాయనములను వండి విక్రయించు కంపెనీలే. లేని బిడ్డలను కాపాడుటలో నొక సౌలభ్యము గలదు. వారు పెరిగి పెద్దవారై, రోగములు తెచ్చుకొని, న్యాయస్థానముల మెట్లెక్కరు.

ఇంతటి కరుణకు ఆధారమైనది 'టెక్నికల్ బులెటిన్ 117' అను 1975 నాటి కాలిఫోర్నియా నిబంధన. సోఫాలలో కూరెడు పాలియురిథేన్ ఫోమును బట్ట లేకుండ నిలువబెట్టి, దానికి చిన్న మంట చూపి, 12 సెకండ్లు ఓర్చుకొనునా లేదా యని పరీక్షింపవలెనట! ఏ గృహస్థు ఇంటను సోఫా దిగంబరముగా నుండదనియు, మంట మొదట పైబట్టకు అంటుకొని, పెద్దదై, పిమ్మట లోనికి జొచ్చుననియు, అప్పుడు, ఈ పరీక్షలో నెగ్గుటకై ఫోములో కలుపు కొద్దిపాటి అగ్నినిరోధకపు మందు దాని నాపజాలకపోవుటయే గాక పొగను మఱింత విషమయము చేయుననియు ఎఱుగుటకు మహాపాండిత్యమేల? ఈ మందులున్నచో తప్పించుకొని పారిపోవుటకు పదునైదింతల వ్యవధి దొరకునని వర్తకులు చాటిన పరిశోధనము వైటేనిస్ బబ్రౌస్కస్ అను శాస్త్రజ్ఞునిది. తాను వాడినంత మందు ఇండ్లలోని సోఫాలలో నుండనేయుండదని ఆ శాస్త్రజ్ఞుడే మొఱపెట్టుకొనవలసి వచ్చెను.

ఇంతకును సోఫాలు తగులబడి జనులు మరణించుటకు ప్రధానహేతువు, నిద్రమత్తులో చేజారి, నివురు గప్పి రగులుకొను సిగరెట్టు. దానంతటదే ఆరిపోవు సిగరెట్టును చేయుడని పొగాకు కంపెనీల నడిగినప్పుడు, సిగరెట్టు మాట యటుంచి ముందు సోఫాను చక్కదిద్దుడని వారు దశాబ్దములపాటు తప్పించుకొనిరి. నిప్పు నిర్దోషి యైనది, పీఠము దోషి యైనది, శిక్ష మాత్రము దానిపై కూర్చుండినవారికి పడినది.

ఎట్లనగా, ఫోముతో ఏ బంధమును లేక ఊరక కలిసియుండు ఈ పదార్థములు మెల్లమెల్లగా వెలువడి ఇంటి ధూళిలో చేరును. నేలపై పాకుచు, ఆ చేతులనే నోట పెట్టుకొను పసివాండ్రకన్న ఆ ధూళిని శ్రద్ధగా సేకరించువారు మఱెవ్వరు? ఆ మందులలో పెంటాబీడీఈ యను బ్రోమిను పదార్థము అమెరికా తల్లుల పాలలోనికిని చేరినది. పాపము, పూతన విషము పూసికొని, సుందరీరూపము దాల్చి, అంతదూరము వ్రేపల్లెకు రావలసి వచ్చెను. కాలిఫోర్నియా నిబంధన ఆ శ్రమ నంతయు తొలగించి, కన్నతల్లి స్తన్యముననే సరకు చేర్చిపెట్టినది.

ఇది తెలియక జరిగినదందురా? 1977లోనే ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రవేత్తలు పిల్లల రాత్రిదుస్తులలోని బ్రోమిను 'ట్రిస్' క్యాన్సరుకు హేతువు కావచ్చునని హెచ్చరింపగా ప్రభుత్వము దానిని నిషేధించెను. (మిగిలిపోయిన దుస్తులు 1978లో ఎగుమతి నిషేధము వచ్చువరకు పరదేశముల శిశువులకు ప్రీతితో పంపబడినవి, కరుణకు ఎల్లలు లేవు గదా!) దాని స్థానమున వచ్చిన క్లోరిను 'ట్రిస్' కూడ అట్టిదేయని తేలి దుస్తులను విడిచినది, విడిచి, వానప్రస్థమునకు పోక, ఫోములో జొరబడినది. 2011లో హెదర్ స్టేపుల్టన్ ప్రభృతులు 101 శిశూపయోగ వస్తువుల ఫోమును పరీక్షింపగా నూటికి ఎనుబదింట ఇట్టి మందులు కానవచ్చినవి. అందు అగ్రతాంబూలము ఆ క్లోరిను 'ట్రిస్'దే. కంప్యూటరు కొలువులకై అమెరికాకేగిన మన తెలుగు దంపతులు సోఫా అడుగున '117' అను చీటీని చూచి, ఇది నాణ్యతాముద్ర యని మురిసియుందురు.

తుదకు కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ ఆదేశముపై నిబంధన మార్చబడి, దిగంబర ఫోముకు మంట చూపుట మాని, బట్టతో కూడిన పీఠముపై రగులు సిగరెట్టు నుంచి చూచు పరీక్ష వచ్చినది. ఇందులో నెగ్గుటకు మందులక్కరలేదు. కెంచురా కంపెనీ 2014లో న్యాయస్థానమున కెక్కి ఓడిపోయినది. మందు అక్కరలేని చోట మందు కొనుడని బలవంతము చేయుట తమ జన్మహక్కని వాదించు వైద్యులను సైతము మనము చూచి యుండలేదు. పిల్లల వస్తువులలోను, సోఫాలలోను, పరుపుల ఫోములోను ఈ రసాయనములు పదిలక్షలకు వేయి భాగములు మించరాదని 2018లో ఆ రాష్ట్రము చేసిన చట్టము 2020 నుండి అమలయినది; కొత్త పరీక్ష 2021లో దేశమంతటికిని వర్తించినది.

అయినను కరుణామయులు నిరాశ పడనక్కరలేదు. 2009లో స్టాక్‌హోమ్ ఒడంబడిక ప్రపంచము నుండి బహిష్కరించిన పెంటాబీడీఈకి, పాత వస్తువులను తిరిగి వాడుకొను మిషతో 2030 వరకు గడువు మిగిల్చిరి; అమెరికాలో పాత ఫోము తునకలను ముద్ద చేసి తివాచీల క్రింద పఱచు వాడుక గలదు; కావున బిడ్డ సోఫా దిగి నేలపై పాకినను ఈ సంరక్షణము నుండి తప్పించుకొనజాలదు.